నోట్‌గెల్డ్ చదవడం, సేకరించడం ఎలా? జర్మనీ యుద్ధకాలపు చిల్లర నోట్లకు సమగ్ర మార్గదర్శి

1914 ఆగస్టు మొదటివారంలో జర్మనీ మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. ఆ వారంలోనే అంగళ్ళలో చిల్లర కనబడకుండా పోయింది. వెండి మార్కు, అర మార్కు నాణేలు చేతికందినవాళ్ళు వాటిని ఇంట్లో దాచేసుకున్నారు. నోటుకు బదులుగా బంగారం ఇస్తామన్న హామీని ఆగస్టు 4 నాటి చట్టంతో ప్రభుత్వం పక్కన పెట్టేసింది. దాంతో కాగితం మీద నమ్మకం తగ్గి, లోహం మీద ఆశ ఇంకా పెరిగింది. జేబులో 20 మార్కుల నోటు ఉన్నా రొట్టె కొనుక్కోలేని పరిస్థితి. తిరిగి ఇవ్వడానికి షాపువాడి దగ్గర నాణెం ఉండేది కాదు. వారం వారం కూలీ పంచాల్సిన మిల్లులకీ గనులకీ ఇంకా పెద్ద టెన్షన్.

అప్పుడు ఊళ్ళే పూనుకున్నాయి. మునిసిపాలిటీ, సేవింగ్స్ బ్యాంకు, గని, మిల్లు, ఎవరికి వీలైతే వాళ్ళు చిన్న కాగితం ముక్కల మీద విలువ అచ్చేసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టి జనానికి ఇచ్చారు. వీటికే నోట్‌గెల్డ్ అని పేరు. అవసరానికి పుట్టిన డబ్బు అన్నమాట. 1914లో మొదలై దాదాపు పదేళ్ళు, వేల సంఖ్యలో ఊళ్ళూ సంస్థలూ వీటిని వేశాయి.

ఇప్పుడు ఇవి తేలిగ్గానే దొరుకుతాయి. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలకు ఆదివారం సంతల్లో డబ్బాల నిండా కనిపిస్తాయి. ఆన్‌లైన్ వేలాల్లో యాభై, వంద నోట్లు కట్టగా అమ్ముతారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు సాధారణంగా రంగులు బాగున్నవి, బొమ్మలు ముద్దుగా ఉన్నవి ఏరుకుంటారు. బొమ్మలు నాకూ ఇష్టమే. కానీ ఈ నోట్ల అసలు కథ వాటిమీది సన్న అక్షరాల్లో ఉంది. కిరాణా కొట్టువాడు చిల్లర లేక చీటీ రాసిస్తే మనం ఏం చూస్తాం? ఎంతకు రాశాడు, సంతకం ఎవరిది, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఎక్కడ ఇస్తే డబ్బులొస్తాయి. నోట్‌గెల్డ్‌ని కూడా అలాగే చదవాలి. ఈ నాలుగూ తేలితే, ఆ కాగితం నిజంగా ఒక ఊరి కొరత తీర్చిందా, లేక అమ్ముకోవడానికే అచ్చయిందా అన్నది దానంతటదే తెలిసిపోతుంది.

కావాల్సిన సరంజామా తక్కువే: పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి, ఒక నోటుపుస్తకం. చేతులు సబ్బుతో కడుక్కుని, బాగా ఆరాక నోటు పట్టుకోండి. గుడ్డ గ్లవ్స్ వేసుకుంటే వేళ్ళకు స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి, కాబట్టి అవి వద్దు.

మొదటి అడుగు: తేదీ చూసి దశ తేల్చుకోండి

జర్మన్ తేదీలో ముందు రోజు, తర్వాత నెల, చివర సంవత్సరం, మన పద్ధతే. ఆ తేదీ ఒక్కటి తెలిస్తే సగం పని అయినట్టే. ఎందుకంటే ఒక్కో దశలో కొరతకు కారణం వేరు.

మొదటి దశ 1914 ఆగస్టు, సెప్టెంబరు. తూర్పు ప్రష్యా, అల్సాస్, సైలీషియా, పోజెన్, రైన్ ప్రాంతాల్లో ఎక్కువ. అంటే సరిహద్దు ప్రాంతాలు, కార్మికులు ఎక్కువున్న ప్రాంతాలు. ఇవి చూడ్డానికి ఏమీ బాగోవు. మందపాటి కాగితం, టైపు మిషన్ అక్షరాలు లేదా ఊళ్ళోని ప్రెస్సులో హడావిడిగా కూర్చిన అచ్చు, ఒక రబ్బరు ముద్ర, ఇంకుతో నిజంగా చేత్తో పెట్టిన సంతకం. వెనకవైపు చాలాసార్లు ఖాళీ. బెర్లిన్ ప్రభుత్వం ఆగస్టు 12 తేదీతో 1, 2 మార్కుల రుణసంస్థ నోట్లు (ప్రభుత్వ రుణసంస్థల పేరున వేసిన కాగితపు డబ్బు) విడుదల చేశాక ఈ మొదటి అల తగ్గిపోయింది. కొద్ది వారాల బతుకే గనుక ఇవి అరుదు. ఈ మొత్తం సబ్జెక్టులో నాకు అన్నిటికన్నా విలువైనవిగా అనిపించేవి ఇవే. పై నుంచి ఏ సాయమూ అందనప్పుడు ఒక చిన్న ఊరి మేయరు తన పేరు పెట్టి "నేను పూచీ" అన్న కాగితాలివి.

రెండో దశ 1916 చివర్నుంచి. ఈసారి జనం దాచుకోవడం ఒక్కటే కారణం కాదు, లోహాన్ని యుద్ధమే మింగేసింది. ఫిరంగి గుండ్ల చుట్టూ వేసే పట్టీలకు రాగి కావాలి, కవచాల ఉక్కుకు నికెల్ కావాలి. అందుకని 5, 10 ఫెన్నిగ్‌ల (ఫెన్నిగ్ అంటే మార్కులో నూరో వంతు) రాగి-నికెల్ నాణేలను వెనక్కి తీసుకుంటూ వాటి స్థానంలో ఇనుప నాణేలు వేశారు. 1917లో జింకు 10 ఫెన్నిగ్, 1916 నుంచి అల్యూమినియం 1 ఫెన్నిగ్ వచ్చాయి. అవీ చాలలేదు. అప్పుడు ఊళ్ళు మళ్ళీ 10, 25, 50 ఫెన్నిగ్‌ల నోట్లు వేశాయి. ఇవి 1914 నాటివాటికంటే పద్ధతిగా ఉంటాయి: వరస నంబరు, నీటిగుర్తు (వాటర్‌మార్క్) ఉన్న కాగితం, ఊరి చిహ్నం, రెండు రంగుల అచ్చు. చిల్లర కొరత నోటు అంటే ఏమిటో తెలుసుకోవడానికి కొత్తవాళ్ళు మొదట చేతిలోకి తీసుకోవాల్సింది 1917-18 నాటి ఇలాంటి 50 ఫెన్నిగ్ నోటు.

మూడోది 1918 అక్టోబరు, నవంబరు. యుద్ధం ఓడిపోతున్నామని తెలిసి జనం పెద్ద నోట్లు కూడా దాచారు. కేంద్ర బ్యాంకు రైష్స్‌బ్యాంక్ అచ్చువేసి ఇవ్వలేక, మీరే వేసుకోండని నగరాలను కోరింది. అందుకే ఆ నెలల తేదీతో 5, 10, 20, 50 మార్కుల ఊరి నోట్లు కనిపిస్తాయి. చాలావాటి గడువు 1919 తొలి నెలల్లోనే ముగిసింది.

నాలుగోది 1920 నుంచి 1922 దాకా. ఇక్కడే జాగ్రత్త కావాలి. అప్పటికి జర్మనీలో ఈ నోట్లు సేకరించేవాళ్ళు బాగా పెరిగారు. అమ్మిన నోటు తిరిగి ఖజానాకు రాకపోతే ఆ డబ్బు ఊరికి మిగిలిపోతుంది. ఈ లెక్క అర్థమైన ఊళ్ళు ఆరేసి, పన్నెండేసి నోట్ల సెట్లు రంగురంగుల్లో అచ్చేసి కవర్లలో పెట్టి అమ్మాయి. హామెల్న్ నోట్ల మీద ఎలుకలను వెంటబెట్టుకుపోయే వేణువు వాడు, ష్లెస్విగ్ ప్రాంతపు నోట్ల మీద జర్మనీలో ఉండాలా, డెన్మార్క్‌లో కలవాలా అన్న 1920 ప్రజాభిప్రాయ సేకరణ, ఇలా ఊరికో కథ. మెక్లెన్‌బుర్గ్‌లో 70 ఊళ్ళు కలిసి ఒకే పథకంగా, ఊరికి 10, 25, 50 ఫెన్నిగ్‌లు మూడేసి నోట్లు వేశాయి. తమ ప్రాంతపు రచయిత ఫ్రిట్జ్ రాయిటర్ పేరు మీద వాటిని రాయిటర్‌గెల్డ్ అంటారు. 1922 జులై 17 నాటి చట్టం నోట్‌గెల్డ్ జారీని నిషేధించడంతో ఈ సెట్ల వ్యాపారానికి తెర పడింది. బజారులో దొరికే కట్టల్లో ఎక్కువ భాగం ఈ దశవే. కొనకూడదని అనను. వాటిని యుద్ధకాలపు నోట్లుగా పొరబడకండి, అంతే.

ఆ తర్వాత 1922-23 మహా ద్రవ్యోల్బణం. అది చిల్లర కొరత కాదు, మొత్తం డబ్బు కొరత. లక్షల, కోట్ల మార్కుల నోట్లు ఆ కాలానివి. అదొక ప్రత్యేక సేకరణ, ఇక్కడ దాని జోలికి ఎక్కువ వెళ్ళను. తూరింగియా రాష్ట్ర బ్యాంకు 1923లో వేసిన పది లక్షల మార్కుల నోటు ఒక్కటి మాత్రం అవకాశం దొరికితే చూడండి. దాన్ని గీసింది వైమార్‌లోని బౌహౌస్ కళాశాలలో అప్పటికింకా విద్యార్థిగా ఉన్న హెర్బర్ట్ బేయర్. లతలు లేవు, దేవతలు లేరు, పెద్ద పెద్ద అక్షరాలు తప్ప ఏమీ లేదు.

రెండో అడుగు: ఇచ్చినవాళ్ళెవరో పట్టుకోండి

నోటు మీద పెద్దక్షరాల్లో ఉన్న పేరు ఊరిదే కావచ్చు, కానీ పూచీ పడింది ఊరేనా అన్నది కింద సంతకం దగ్గర తేలుతుంది. "స్టాట్" అంటే నగరం, "గెమైండె" అంటే పంచాయతీ లాంటి చిన్న స్థానిక సంస్థ, "క్రైస్" అంటే జిల్లా, "స్పార్‌కాస్సె" అంటే సేవింగ్స్ బ్యాంకు, "హాండెల్స్‌కామ్మర్" అంటే వర్తక సంఘం. సంతకం పైన "మాగిస్ట్రాట్" అని ఉంటే నగరపాలక మండలి, "బ్యుర్గర్‌మైస్టర్" అని ఉంటే మేయరు.

వీటితోపాటు ప్రైవేటు నోట్లు ఉంటాయి: బొగ్గుగనులు, నేత మిల్లులు, కో-ఆపరేటివ్ దుకాణాలు. కూలీ రోజున గని యజమాని ఇచ్చిన నోటు ఆ ఊరి దుకాణంలో చెల్లేది, పక్క ఊళ్ళో చెల్లకపోవచ్చు. యుద్ధఖైదీల శిబిరాలకు విడిగా నోట్లు ఉండేవి. ఖైదీ తప్పించుకుంటే బయట వాడుకోగల అసలు డబ్బు అతని చేతిలో ఉండకూడదని అలా చేశారు. శిబిరం నోటు కూడా యుద్ధకాలపు స్థానిక డబ్బే, అయితే దాని వెనకున్న కారణం చిల్లర కొరత కాదు. ఆల్బంలో దానికి వేరే పేజీ ఇవ్వండి.

హోటలు, క్లబ్బు, ఏదో ఉత్సవ కమిటీ పేరున్న 1921 నాటి నోటు కనిపిస్తే, అది సేకర్తల కోసం వేసింది అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ.

మూడో అడుగు: షరతులు చదవండి

ఇదే ప్రధానమైన అడుగు, దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. కష్టమంతా లిపిలో ఉంది. చాలా నోట్లు ఫ్రాక్టూర్ అనే పాత గోతిక్ అక్షరాల్లో ఉంటాయి. అందులో మాట మధ్యలో వచ్చే చిన్న ఎస్ అచ్చం ఎఫ్‌లా కనిపిస్తుంది. తేడా ఒక్కటే, ఎఫ్‌కి అడ్డగీత నిలువుగీతకు రెండువైపులా వస్తుంది, ఎస్‌కి ఎడమవైపు చిన్న ముక్కలా ఉండి ఆగిపోతుంది. చిన్న కె, టి కలిసిపోతాయి. పెద్ద బి, వి కలిసిపోతాయి. పెద్ద ఎన్, ఆర్ కూడా అంతే. ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టి చూస్తే ఈ జంటల దగ్గరే తప్పు చదువుతుంది. యాప్ అర్థం లేని మాట చూపిస్తే, ఈ జంటల్లో ఒక అక్షరం మార్చి మళ్ళీ టైపు చేయండి. చాలావరకు సరిపోతుంది.

షరతులు అన్ని నోట్ల మీదా దాదాపు ఒకే మూసలో ఉంటాయి కాబట్టి ఓ పది మాటలు వస్తే వందల నోట్లు చదివేయొచ్చు. "గూట్‌షైన్" అంటే ఇంత విలువకు చీటీ. "గ్యుల్టిగ్ బిస్" తర్వాత వచ్చే తేదీ దాకా చెల్లుతుంది. "ఐన్‌ల్యోజుంగ్" అంటే నోటు ఇచ్చి డబ్బు తీసుకోవడం. "స్టాట్‌హౌప్ట్‌కాస్సె" అంటే నగర ఖజానా, డబ్బిచ్చే చోటు. తరచుగా కనిపించే వాక్యం భావం ఇది: బహిరంగ ప్రకటన వెలువడ్డ నెలలోపు మార్చుకోకపోతే ఈ నోటు చెల్లదు. దొంగనోట్లు వేస్తే శిక్ష ఉంటుందన్న హెచ్చరిక కూడా కొన్నిటి మీద ఉంటుంది.

ఇప్పుడు జారీ తేదీనీ గడువునూ పక్కపక్కన పెట్టండి. 1917లో జారీ అయి, యుద్ధం ముగిశాక ఇంతకాలం దాకా చెల్లుతుంది అని ఉంటే అది వాడుక కోసం వేసిన నోటు. జారీకీ గడువుకీ మధ్య బొత్తిగా కొద్దిరోజులే ఉంటే అనుమానించండి. అమ్మకానికి వచ్చేనాటికే గడువు దాటిపోయిన సెట్లు 1921-22లో నిజంగానే ఉన్నాయి. వాటిని ఎవరూ ఖజానాకు తీసుకెళ్ళలేరు, ఊరు ఎవరికీ బాకీ లేదు. గడువే లేదు, డబ్బిచ్చే చోటూ లేదు, సంతకం అచ్చులోనే ఉంది అంటే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది డబ్బుగా బతకలేదనే అనుకోవాలి.

అంకెల దగ్గర ఒక మాట. ద్రవ్యోల్బణ నోట్లు చేతికొస్తే ఇంగ్లీషు లెక్కలో చదవకండి. జర్మన్‌లో "మిల్యోన్" అంటే పది లక్షలు, "మిలియార్డె" అంటే వంద కోట్లు, "బిల్యోన్" అంటే లక్ష కోట్లు. ఇంగ్లీషు బిలియన్ అనుకుని చదివితే వెయ్యి రెట్లు తేడా వస్తుంది. అమ్మకందార్లు కూడా ఈ పొరపాటు చేస్తుంటారు. 1923 నవంబరు చివరికి ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. మన లక్షలు, కోట్ల లెక్కలో చెప్పుకుంటేనే ఇది తలకెక్కుతుంది.

నాలుగో అడుగు: చేతులు మారిందా, లేదా?

మామూలు కరెన్సీ సేకరణలో మడత పడని నోటుకే గిరాకీ. ఇక్కడ నా అభిప్రాయం వేరు. 1917 నాటి 50 ఫెన్నిగ్ నోటు మధ్యలో మడతపడి, మూలలు మెత్తబడి, వేలిజిడ్డు పట్టి ఉంటే అది పనిచేసిన నోటని సాక్ష్యం ఉన్నట్టే. అదే నోటు కొత్తగా దొరికితే బాగుంటుంది, కానీ రెండూ దొరికితే ఆల్బంలో రెంటికీ చోటివ్వండి.

నోటు వాపసు తీసుకున్నాక చాలా ఊళ్ళు దాన్ని రద్దుచేసి తర్వాత సేకర్తలకు అమ్మాయి. గుండ్రటి చిల్లు, కత్తిరించిన మూల, "ఎంట్‌వెర్టెట్" లేదా "ఉన్‌గ్యుల్టిగ్" అన్న అడ్డముద్ర, ఇవన్నీ రద్దు గుర్తులు. చిల్లు ఉందని తక్కువగా చూడకండి. ఆ ఊరు మాట నిలబెట్టుకుని డబ్బు చెల్లించిందని అది చెబుతుంది. "ముస్టర్" అని ఉంటే మాత్రం అది నమూనా, చలామణికి రాలేదు.

ఒక 1917-18 నోటును దగ్గరగా పరిశీలించేటప్పుడు ఈ వరసలో వెళ్ళండి. ముందు వాలుగా వెలుగు పెట్టండి. లోహపు అచ్చుతో గట్టిగా ఒత్తి ముద్రించి ఉంటే వెనకవైపు అక్షరాలు ఉబ్బెత్తుగా తగులుతాయి. నంబరు దగ్గర ఈ ఒత్తిడి ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే నంబర్లు వేసే యంత్రం వేరు. తర్వాత నోటును కిటికీకి ఎదురుగా పట్టండి. అలలు, గళ్ళు, చుక్కల్లాంటి నీటిగుర్తు కనబడొచ్చు. ఊళ్ళకు సొంత నీటిగుర్తు ఉండేది కాదు, కాగితం మిల్లులు తయారుగా ఉంచిన రకాలనే కొనేవాళ్ళు. అందుకే ఒకే నోటు రెండు మూడు నీటిగుర్తులతో దొరుకుతుంది, సేకర్తలు వాటిని వేర్వేరు రకాలుగా లెక్కిస్తారు. చివరికి సంతకం మీద భూతద్దం పెట్టండి. చేత్తో పెట్టిందైతే ఇంకు కాగితం నారల్లోకి పాకి ఉంటుంది, గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. అచ్చు సంతకంలో గీత అంతా ఒకే నలుపు.

ఐదో అడుగు: ఊరిని మ్యాపులో పెట్టండి

జర్మనీలో ఒకే పేరున్న ఊళ్ళు చాలా. నాయ్‌స్టాట్ అంటే కొత్తపట్నం, ఆ పేరుతో డజన్ల కొద్దీ ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లు రెండు, ఒకటి మైన్ నది మీద, ఇంకొకటి ఓడర్ నది మీద. నోటు మీద ఊరి పేరు పక్కన సన్నగా నది పేరో, జిల్లా పేరో ఉంటుంది. దాన్ని వదిలిపెట్టకండి.

ఇంకో చిక్కు, ఆనాటి జర్మన్ ఊళ్ళు చాలా ఇప్పుడు వేరే దేశాల్లో ఉన్నాయి. బ్రెస్లావ్ ఇప్పుడు పోలండ్‌లో వ్రోత్స్వాఫ్, స్టెటిన్ ఇప్పుడు ష్చెచిన్, ఆలెన్‌స్టైన్ ఇప్పుడు ఓల్ష్టిన్. అల్సాస్‌లోని ముల్‌హౌజెన్ ఇప్పుడు ఫ్రాన్స్‌లో ములూజ్. పాత పేరు, కొత్త పేరు రెండూ రాసిపెట్టుకోండి. ఆ ఊళ్ళ నోట్లకు జర్మన్లతో పాటు పోలిష్, ఫ్రెంచ్ సేకర్తలు కూడా పోటీపడతారు, కాబట్టి ధర కాస్త ఎక్కువ పలుకుతుంది.

జర్మనీ పక్కనే ఇలాంటివి ఇంకా ఉన్నాయని తెలిసి ఉండాలి. ఫ్రాన్స్‌లో 50 సాంతీమ్‌లు, 1, 2 ఫ్రాంకుల నోట్లు వర్తక సంఘాలు వేశాయి. బెల్జియంలో జర్మన్ ఆక్రమణ కింద ఊళ్ళే వేసుకున్నాయి. ఆస్ట్రియాలో 1920లో పల్లెపల్లెకూ 10, 20, 50 హెల్లర్‌ల నోట్లు వచ్చాయి. ఆస్ట్రియావి చౌక, ఎక్కువ భాగం సేకర్తల కోసం వేసినవే.

ఆరో అడుగు: నకిలీ, నకలు పసిగట్టడం

చౌక నోట్లకు నకిలీలు తక్కువ. అరుదైన 1914 నోట్లకూ, బీలెఫెల్డ్ పట్టు నోట్లకూ జాగ్రత్త కావాలి. బీలెఫెల్డ్ నార, పట్టు నేతకు పేరున్న ఊరు. అక్కడి నగర సేవింగ్స్ బ్యాంకు పట్టు, నార, మఖ్‌మల్ గుడ్డల మీద కూడా నోట్లు అచ్చేసి, కొన్నిటి అంచులకు లేసు కుట్టించింది. ఓస్టర్‌వీక్ అనే ఊరు తోలు మీద వేసింది. మైసెన్ పింగాణీ కర్మాగారం ఏకంగా పింగాణీ నాణేలే చేసింది. ఇవి 1920ల నాటి వింతలు, యుద్ధకాలపు అవసరాలు కావు. ధర మాత్రం బాగా పలుకుతుంది కాబట్టి మోసాలూ వీటి దగ్గరే.

చీకట్లో అతినీలలోహిత టార్చి వేయండి. అప్పటి కాగితంలో తెల్లదనం పెంచే రసాయనాలు వాడేవాళ్ళు కాదు, కాబట్టి నిజమైన నోటు మసకగా ఉండిపోవాలి. నీలంగా మెరిస్తే కాగితం ఆధునికం అయ్యుండొచ్చు. ఒక మినహాయింపు: బట్టల సబ్బుపొడితో కడిగిన పాత నోటు కూడా మెరుస్తుంది, ఆ పొడిలోనూ అవే రసాయనాలు ఉంటాయి. అంటే మెరిసిన నోటు నకలు కావచ్చు, కడిగింది కావచ్చు. ఏదైనా కొనకండి. తర్వాత భూతద్దంలో రంగులు చూడండి. గులాబీ, నీలం, పసుపు, నలుపు చుక్కలు గుత్తులుగా కనబడితే అది ఇప్పటి ప్రింటరు పని.

1914 టైపు నోట్లను మాత్రం ఈ పరీక్షలతోనే నమ్మొద్దు. పాత కాగితం మీద పాత టైపు మిషన్‌తో ఎవరైనా కొట్టగలరు. రబ్బరు ముద్రలోని అక్షరాలు, సంతకం అదే ఊరి ఇంకో నోటుతో సరిపోతున్నాయో లేదో చూడాలి. అలాంటివి అనుభవమున్న డీలరు దగ్గర, వెనక్కి తీసుకుంటామన్న హామీ రాయించుకుని మాత్రమే కొనండి.

ఏడో అడుగు: కొనడం

మొదటి కొనుగోలుగా కలగలుపు కట్ట ఒకటి తీసుకోండి, కానీ దాన్ని ఆల్బంలో పెట్టడానికి కాదు, పై ఆరు అడుగులూ సాధన చేయడానికి. కట్ట మొత్తాన్ని దశల వారీగా వేరుచేస్తే, నిజమైన యుద్ధకాలపు నోట్లు ఎంత కొద్దిగా ఉన్నాయో చూసి ఆశ్చర్యపోతారు. తర్వాత నుంచి ఒక్కో నోటు ఎంచి కొనండి. ఒక ప్రాంతమో, ఒక సంవత్సరమో, ఒక రకం సంస్థో పట్టుకుంటే మేలు. గనుల నోట్లు మాత్రమే అనుకుంటే పదేళ్ళకి మీ దగ్గర చెప్పుకోదగ్గ సేకరణ ఉంటుంది. అన్నీ కావాలనుకుంటే కుప్ప ఉంటుంది.

ఫోటోలో రెండువైపులా చూపని నోటు కొనొద్దు. నోటును పోస్టులో తెప్పించేటప్పుడు రెండు గట్టి అట్టల మధ్య పెట్టమని అడగండి. విదేశాల నుంచి వచ్చేవాటికి కస్టమ్స్ నిబంధనలు ముందే కనుక్కోండి. మన దేశం నుంచి బయటికి పంపే విషయంలో ఇంకా జాగ్రత్త. వంద ఏళ్ళు దాటిన చారిత్రక వస్తువులను దేశం దాటించడం మీద 1972 పురావస్తు చట్టం ఆంక్షలు ఉన్నాయి.

ఎనిమిదో అడుగు: మన వాతావరణంలో భద్రపరచడం

యుద్ధకాలపు కాగితం చాలావరకు కలపగుజ్జుతో చేసింది, దానికదే ఆమ్లం ఊరి గోధుమరంగుకు తిరిగి పెళుసవుతుంది. దానికి విశాఖ, కాకినాడల ఉప్పుగాలి తేమ తోడైతే మచ్చలు పడతాయి. గదిలో తేమ 50 శాతం దరిదాపుల్లో ఉంచాలి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి రంగు మారగానే ఆరబెట్టండి. వర్షాకాలంలో నెలకోసారైనా తెరిచి చూడండి, చెదలు, సిల్వర్‌ఫిష్ పురుగులు ముందు అట్టపెట్టెనే పడతాయి.

కవర్లు పాలియెస్టర్‌వి లేదా పాలీప్రొపిలీన్‌వి అయ్యుండాలి. పీవీసీ కవర్లు చౌక, కానీ కొన్నేళ్ళకి జిగురెక్కి నోటును పాడుచేస్తాయి. తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చే ఆల్బం కొనొద్దు. ల్యామినేషన్ చేయించొద్దు. టేపు అతికించొద్దు. ఇస్త్రీ చేయొద్దు, కడగొద్దు. ముడతలు అలాగే ఉండనివ్వండి. నాఫ్తలిన్ గోళీలు నోట్లతో కలిపి పెట్టొద్దు.

తొమ్మిదో అడుగు: అదే కొరత, మన నోట్లు

జర్మనీలో రాగి, నికెల్ మాయమవుతున్న ఆ ఏళ్ళలోనే మన దగ్గర వెండి మాయమైంది. యుద్ధ సామగ్రి కోసం బ్రిటన్ భారత్‌కు చెల్లించాల్సిన మొత్తాలు పెరిగి, రూపాయి నాణేలకు వెండి చాలలేదు. 1917 నవంబరు 30న ప్రభుత్వం మొదటిసారి ఒక రూపాయి నోటు విడుదల చేసింది. ముందువైపు ఐదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయినే అచ్చేశారు. వెనక ఎనిమిది భాషల్లో విలువ ఉంటుంది, వాటిలో తెలుగూ ఉంది. ఈ నోట్లు 25 చొప్పున చెక్కుబుక్కులా కుట్టి వచ్చేవి. ఆ వెంటనే రెండు రూపాయల ఎనిమిది అణాల నోటు కూడా వచ్చింది. 1926 జనవరి 1తో ఈ చిన్న నోట్ల జారీ ఆగిపోయింది. మధ్యలో 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన వెండి డాలర్లు కరిగించి సుమారు 20 కోట్ల ఔన్సుల వెండిని భారత్‌కు అమ్మితేగానీ పరిస్థితి కుదుటపడలేదు.

హైదరాబాద్ సంస్థానానిది ఇంకా ఆసక్తికరమైన సంగతి. సంస్థానాలు సొంత నోట్లు వేసుకోవడానికి బ్రిటిష్ వాళ్ళు అంతకుముందు ఒప్పుకోలేదు. వెండి కొరత, యుద్ధానికి నిజాం చేసిన సాయం, ఈ రెండూ కలిసి 1918లో దారి తెరిచాయి. ముందు 10, 100 రూపాయల ఉస్మానియా సిక్కా (సంస్థానపు సొంత రూపాయి) నోట్లు, 1919లో 1, 5 రూపాయలవి వచ్చాయి. వాటి మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ విలువ ఉంటుంది. ఇవి లండన్‌లో అచ్చయి ఓడలో వచ్చేవి. 1922 మేలో ఎస్ఎస్ ఈజిప్ట్ అనే ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగిపోయింది. 1930ల మొదట్లో ఇటలీ గజ ఈతగాళ్ళు అందులోని బంగారం తీసేటప్పుడు హైదరాబాద్ నోట్లు కూడా బయటపడ్డాయి. నీటిమరకలతో, సంతకం లేకుండా అవి ఇప్పటికీ వేలాల్లో కనిపిస్తాయి. మూడో అడుగులో చెప్పిన పరీక్ష వాటికీ వర్తిస్తుంది: సంతకం పడలేదు గనుక అవి ఏ రోజూ డబ్బు కాలేదు.

నోట్‌గెల్డ్‌కి మన దేశంలో అన్నిటికన్నా దగ్గరి చుట్టాలు రెండో ప్రపంచయుద్ధం నాటి క్యాష్ కూపన్లు. నాణేలు దొరక్క కచ్, మోర్వీ, గొండల్, జునాగఢ్, బుందీ, బికనేర్, సైలానా లాంటి సంస్థానాలు చిల్లరకు బదులు చిన్న కూపన్లు ఇచ్చాయి. హైదరాబాద్‌లో జరిగే నాణేల ఎగ్జిబిషన్లలో డీలర్లను అడిగితే చూపిస్తారు. ఒక జర్మన్ గని నోటు, ఒక మోర్వీ కూపన్ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరు పూచీ, ఎక్కడ చెల్లుతుంది అన్న ప్రశ్నలు రెంటికీ ఒకటే.

పదో అడుగు: చిట్టా రాయండి

ప్రతి నోటుకూ నోటుపుస్తకంలో అర పేజీ కేటాయించండి. ఊరు (అప్పటి పేరు, ఇప్పటి పేరు), ఇచ్చిన సంస్థ, విలువ, జారీ తేదీ, గడువు, డబ్బిచ్చే చోటు, సంతకం చేతిదా అచ్చుదా, నంబరు, నీటిగుర్తు, మిల్లీమీటర్లలో కొలతలు, రద్దు గుర్తులు. ఎవరి దగ్గర, ఎంతకు, ఎప్పుడు కొన్నారో కూడా రాయండి. షరతుల వాక్యాన్ని తెలుగులోకి మార్చి పూర్తిగా రాయండి. ఇది బద్ధకించే పనే, కానీ ఇరవై నోట్లకు ఇలా చేశాక ఫ్రాక్టూర్ లిపి దానంతటదే చదవడం వచ్చేస్తుంది. నోటు మీద పెన్సిల్‌తో కూడా ఏమీ రాయకండి. వరస సంఖ్యను చిన్న ఆమ్లరహిత కాగితం ముక్క మీద రాసి కవరు వెనక జేబులో పెట్టండి. రెండువైపులా 600 డీపీఐలో స్కాన్ చేసి, ఫైలుకు అదే సంఖ్య పేరుగా పెట్టి, ఇంకో కాపీ వేరేచోట దాచండి.